‘తను’ తీసేసి ‘అతను’ పెడితే కథలో ఏం పోతుంది?

పోయిన వారం నా కథ ఒకటి అచ్చయింది. చూసుకుంటే ‘తను’ అని నేను రాసిన చోటల్లా ‘అతను’ అని దిద్ది ఉంది. ఎవరు దిద్దారన్నది అనవసరం, చెడగొట్టాలని చేశారనీ అనను, ‘తను’ మాట్లాడే భాష, ‘అతను’ రాసే భాష అనే అభిప్రాయం చాలామందికి ఉంది. కానీ కథ చదివిన స్నేహితుడు ఫోన్ చేసి "మధ్యలో వచ్చిన ఆ ఇంకొకడెవడు?" అన్నాడు. నా కథలో ఇంకొకడు లేడు.

ఈ ముక్క చూడండి.

"రాఘవ మళ్లీ గడియారం చూశాడు. ఇంకా ఐదు నిమిషాలే. తను రాలేదని అన్నయ్య అందరి ముందూ ఏమంటాడో. రేపు మొహం ఎలా చూపించాలి?"

అచ్చులో "అతను రాలేదని అన్నయ్య అందరి ముందూ ఏమంటాడో" అయింది. దాంతో రానివాడు ఎవడో మూడో మనిషైపోయాడు. మిగతాదంతా మాత్రం రాఘవ బుర్రలోనే ఉంది: అన్నయ్య అంటే అతని అన్నయ్యే, ‘రేపు’ కూడా అతనిదే, కథకుడైతే ‘మర్నాడు’ అంటాడు. "అనుకున్నాడు" అన్న మాట ఎక్కడా లేకుండానే మనం లోపలికి వెళ్లిపోయాం, ఆ తలుపు తీసింది ‘తను’.

ఇంకా చిత్రమైన సంగతి "రవి తను వస్తానన్నాడు" లాంటి వాక్యంలో ఉంది. ‘తను’ ప్రథమ పురుష, ‘వస్తాను’ ఉత్తమ పురుష, రెండూ పక్కపక్కనే కూర్చున్నా మనకెవరికీ తప్పుగా వినిపించదు. "నేను వస్తాను" అని రవి అన్న మాటలో ‘నేను’ ఒక్కటే మారింది, క్రియ అతని నోట్లోంచి వచ్చినట్టే ఉండిపోయింది. సగం రవి గొంతు, సగం కథకుడి గొంతు. "రవి అతను వస్తాడన్నాడు" అంటే వచ్చేది రవి కాదు, అంతే. మాటగానీ తలపుగానీ ఎవరిదో వాళ్లనే చూపించే సర్వనామాలకు 1974లో క్లోద్ అజెజ్ అనే భాషావేత్త ‘లోగోఫోరిక్’ అని పేరు పెట్టాడు. మన ‘తను’ అచ్చంగా అదే కాదు, దీనికి వేరే పనులూ ఉన్నాయి, కానీ కథలో చేసే పని అదే.

ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక్క సంగతి. 1857లో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ మీద ‘మదాం బోవరీ’ నవల గురించి పారిస్‌లో కేసు నడిచింది. ప్రియుడు దొరికాడని నాయిక మురిసిపోయే చోటును ప్రాసిక్యూటర్ పినార్ వ్యభిచారాన్ని కీర్తించడంగా చూపించాడు. అక్కడ కొన్ని వాక్యాలకు "అని ఆమె అనుకుంది" అన్న తోక లేదు, ఫ్రెంచి సర్వనామం చూసి అది ఆమె తలపో రచయిత మాటో చెప్పలేం. ఫ్లోబేర్ బయటపడ్డాడు లెండి. తెలుగులో రాసుంటే లాయరు ‘తను’ ఒక్కటీ చూపించి ఇంటికెళ్లిపోయేవాడేమో.

కామెంటు: ఇంత లోతు అవసరమా అండీ, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కదా. పైగా మేం "తను ఇంకా రాలేదు" అంటే ఎదురుగా లేని మూడో మనిషే. మీ లెక్క అక్కడ పనిచెయ్యదు.

జవాబు: రెండోది నిజమే, నేను వదిలేశాను. వాడు అంటే చులకన, ఆయన అంటే దూరం, ఆ మధ్య ఖాళీలో ‘తను’ బాగా కుదిరింది, అందుకే దగ్గరివాళ్ల గురించి అలా అంటున్నాం. ‘నేను’ చెప్పే కథల్లో ఆ ‘తను’ దగ్గరితనం చూపిస్తుంది. రెండు ‘తను’లూ ఒకే కథలో కలిస్తే మాత్రం తంటా.

సందర్భం అన్నారు కదా, ఇది చూడండి: "మోహన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల రాఘవ నవ్వుతున్నాడు. తను ఓడిపోయిన సంగతి అప్పుడే తెలిసిపోయిందా?" ఇక్కడ ఓడింది మోహన్, ఆ నవ్వు అతనికి గుచ్చుకుంటోంది. ‘అతను ఓడిపోయిన సంగతి’ అనండి, ఓడినవాడు రాఘవ అయిపోతాడు, తెలిసి కూడా ఎలా నవ్వుతున్నాడా అని మోహన్ ఆశ్చర్యం. సందర్భం రెండింటికీ ఒకటే.

కామెంటు: ‘తను’ ఆడో మగో చెప్పదు, అది కూడా కథకు పనికొస్తుంది కదా?

జవాబు: భలే పట్టారు. దానికి మన అసమాపక క్రియలు కూడా తోడు. "తలుపు చప్పుడుకి లేచి, దీపం వెలిగించకుండానే గొళ్లెం తీసి, వీధిలోకి ఒకసారి తొంగిచూసి, తను అనుకున్న మనిషి కాదని తెలిసి, మళ్లీ వచ్చి పడుకుంది." ఆఖరి మాట దాకా లేచింది ఆడో మగో తెలీదు. ఇదే వాక్యాన్ని ‘లేచింది. తీసింది.’ అని ముక్కలు చేస్తే మొదటి ముక్కలోనే గుట్టు రట్టు. పొడుగు వాక్యాలు విరగ్గొట్టమని ఊరికే సలహాలిచ్చేవాళ్లు ఇది కూడా చూసుకోవాలి.

కామెంటు: మరి అచ్చయిన కథ సంగతి?

జవాబు: పుస్తకంగా వేసుకున్నప్పుడు ‘తను’లన్నీ వెనక్కి తెస్తాను. మొత్తం పదకొండు. అందులో రెండు చోట్ల మాత్రం ‘అతను’ ఉంచేద్దామనుకుంటున్నా. ఆ రెండు చోట్లా రాఘవ అబద్ధం చెబుతున్నాడు, అప్పుడు పాఠకుడు వాడి బుర్రలో ఉండకూడదని దిద్దినది చదివాకే నాకు తట్టింది.