బల్బు నిరోధం లెక్కలో 7 ఓమ్‌లు, మల్టీమీటర్‌లో 0.8. ఏది నమ్మాలి?

కొత్తమీటర్:
అందరికీ నమస్కారం. నా దగ్గర కారు ఇండికేటర్ బల్బు ఒకటి ఉంది. 12 వోల్టులు, 21 వాట్లు అని రాసుంది. బ్యాటరీకి కలిపి కొలిచాను. బల్బు రెండు కొసల మధ్య 12.1 వోల్టులు, సర్క్యూట్‌లో సిరీస్‌గా పెట్టిన మీటర్‌లో 1.74 ఆంప్స్ వచ్చాయి. వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే 6.95 ఓమ్‌లు, గుణిస్తే 21 వాట్లు. సరిగ్గా బల్బు మీద ఉన్నదే! చాలా సంతోషం వేసింది.

తర్వాత బల్బు విప్పి, చల్లారాక, మీటర్ ఓమ్స్‌లో పెట్టి చూస్తే 0.8. దాంతో లెక్క వేస్తే కరెంట్ 15 ఆంప్స్ దాటుతోంది, పవర్ 183 వాట్లు. మూడుసార్లు చూశాను, అదే. మీటర్ పాడైందా? నేనేమైనా తప్పు చేస్తున్నానా?

రాగితీగ:
మీటర్ బాగుందండీ, మీ లెక్కా బాగుంది. మారింది బల్బు. ఓమ్స్‌లో మీటర్ పంపే కరెంట్ చాలా తక్కువ, దానికి ఫిలమెంట్ (బల్బు లోపల వెలిగే సన్నటి తీగ) వేడెక్కదు. వెలిగేటప్పుడు అదే ఫిలమెంట్ 2,500 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. ఆ తీగ లోహం టంగ్‌స్టన్, అది వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, పది రెట్లు మించి కూడా. అందుకే వెలుగుతున్న బల్బుకి 6.95 నమ్మండి.

జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం (వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే వచ్చే నిరోధం మారదు అనేది) పనిచేయాలంటే వేడి మారకూడదు. ఆయన ప్రయోగానికి కరెంట్ నిలకడగా రావడం కోసం రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, ఇంకోదాన్ని మంచులో ఉంచాడు, ఆ వేడి తేడాతోనే కరెంట్ పుడుతుంది. ఈ శ్రద్ధ నాకెంతో ఇష్టం.

ఇంకో మాట. మీటర్ రెండు ప్రోబ్‌లూ (కొలిచేటప్పుడు ఆనించే వైర్ల మొనలు) ఒకదానికొకటి ఆనించి చూడండి. సున్నా రాదు, 0.2 నో 0.3 నో వస్తుంది. అది మీటర్ వైర్ల నిరోధం, మీ 0.8లోంచి తీసేయాలి.

సర్క్యూట్_అక్క:
ఆ పెద్ద కరెంట్ ఉత్తి లెక్క కాదు తమ్ముడూ. స్విచ్ వేసిన క్షణంలో ఫిలమెంట్ చల్లగా ఉంటుంది కాబట్టి కరెంట్ నిజంగానే ఒక్కసారి ఎగసి, సెకనులో చిన్న భాగంలోనే దిగిపోతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే పోయేది అందుకే.

ఈ లెక్క ఫ్యాన్ మోటార్‌కి మాత్రం వాడకు. ఇంటి కరెంట్‌లో (ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంట్) వోల్టేజ్, కరెంట్ ఒకేసారి ఎగసి దిగకపోతే రెండూ గుణించి వచ్చేది అసలు వాట్ల కన్నా ఎక్కువ ఉంటుంది. అక్కడ పవర్ ఫ్యాక్టర్‌తో (అలా వచ్చినదాంట్లో అసలు వాట్లు ఎంత భాగమో చెప్పే సంఖ్య) కూడా గుణించాలి. అలాగే మెయిన్స్ (ఇంటి ప్లగ్గు కరెంట్) మీద ఈ ప్రయోగం చేయొద్దు, 12 వోల్టులతోనే ఆగు.

కొత్తమీటర్:
అక్కా, మెయిన్స్ జోలికి పోను. రాగితీగ గారూ, ప్రోబ్‌లు ఆనిస్తే 0.3 వచ్చింది, అంటే చల్లటి బల్బు అసలు నిరోధం 0.5. ఇవాళ వోల్టేజ్ తగ్గించి కూడా చూశాను. 6 వోల్టులకి 1.2 ఆంప్స్, అంటే 5 ఓమ్‌లు. 3 వోల్టులకి 0.8 ఆంప్స్, 3.75 ఓమ్‌లు. 3 దగ్గర ఫిలమెంట్ మసక ఎరుపులో ఉంది, 6 దగ్గర నారింజ రంగులోకి వచ్చింది. రంగు మారేకొద్దీ ఓమ్‌లు పెరగడం కళ్లారా చూశాను. రేపు 9 వోల్టులకి చూసి గ్రాఫ్ పెడతాను.