స్టేట్ పార్కులో గైడ్ వెనక నడవాలా, మన మానాన మనం తిరగాలా?

కృష్ణాతీరం:
అమ్మ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. మొన్న శనివారం ఇక్కడే కాలిఫోర్నియాలో ఓ స్టేట్ పార్కుకు తీసుకెళ్లాను, పేరు అనవసరం. నాలుగు చెట్లు చూపించి, పులిహోర తిని, చీకటి పడేలోపు ఇల్లు చేరదామనుకున్నాం. గేటు దగ్గర 'రేంజర్ వాక్' బోర్డు చూసి మావాడు పట్టుబట్టాడు. గంట అన్నది రెండు గంటలైంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా ఒక్క ముక్క అర్థం కాలేదు. మావాడు కింద పడిన పైన్‌కాయ ఒకటి జేబులో వేసుకుంటే, అందరి ముందూ బయటికి తీయించి ఎక్కడిది అక్కడ పెట్టించాడు ఆ రేంజర్. పదేళ్ల పిల్లాడండీ! చెట్టుకూ నాకూ మధ్య ఇంకో మనిషి ఎందుకో ఎవరైనా చెప్పండి.

లెక్కలమాస్టారు:
ముందు ఒక సవరణ. ఆయన నడుముకు తుపాకీ ఉందా? కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో రేంజర్ అంటే ప్రమాణం చేసిన పోలీసు అధికారి, అరెస్టు చేయగలడు. ఇలా నడిపిస్తూ చెప్పేవాళ్లు ఎక్కువగా ఇంటర్‌ప్రెటర్లు. జీతం లేకుండా చేసేవాళ్లయితే డోసెంట్లు.

ఫ్రీమాంట్_బాబాయ్:
పైన్‌కాయ కేసులో అరెస్టు దాకా వెళ్లలేదు, సంతోషించండి.

కృష్ణాతీరం:
ఇంటర్‌ప్రెటర్ అంటే దుబాసీ కదా మాస్టారూ? ఆ రోజు అమ్మకు దుబాసీని నేనే. ఆయన పది వాక్యాలు చెబితే నేను ఒకటి చెప్పాను.

నల్లమల_పిల్ల:
మధ్యలో మనిషి ఎందుకా? శాంటా క్రూజ్‌కు పైన హైవే 1 మీద అన్యో నువేవో అనే స్టేట్ పార్కు ఉంది. అక్కడ డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా గైడ్ లేకుండా ఏనుగు సీళ్లు అనే భారీ సముద్ర జంతువుల దగ్గరికి పోనివ్వరు. మగ సీలు రెండు టన్నులు దాటుతుంది. నేను ఒక్కదాన్నే వెళ్లుంటే ఇసుకలో ధాన్యం బస్తాలు దొర్లుతున్నాయి అనుకుని ఫొటో తీసుకుని వచ్చేదాన్ని. నూనె కోసం వేటాడి వేటాడి 1890ల నాటికి వాటిని వంద దాకా మిగిల్చారనీ, ఇక్కడ ఒడ్డు మీద మళ్లీ తొలి పిల్ల పుట్టింది 1975లోనేననీ అక్కడ విన్నాను. తల్లి దాదాపు నాలుగు వారాలు ఏమీ తినకుండా పాలిచ్చి, పిల్లను వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోతుందట. ఆ మాట విన్నాక చూసిన చూపు వేరు.

పార్కులోది ఏదీ ఇంటికి తీసుకెళ్లకూడదు అన్నది రూలు. అది మీ పిల్లాడి కోసం పెట్టింది కాదు.

కృష్ణాతీరం:
సీలు మీద పడుతుంది కాబట్టి గైడ్ ఉండాలి, ఒప్పుకున్నా. చెట్టు వచ్చి మీద పడుతుందా? కింద పడ్డ కాయ గురించి అంత రాద్ధాంతమా?

చిరుజల్లు:
బిగ్ బేసిన్ వెళ్లారా? 1902 నాటిది, కాలిఫోర్నియాలో మొదటి స్టేట్ పార్కు. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు మొత్తం కాలిపోయింది. బొగ్గులా ఉన్న రెడ్‌వుడ్ మానుల చుట్టూ పచ్చటి నూగులా చిగుళ్లు. అవి కొత్తగా అల్లుకున్న తీగలేమో అనుకున్నా. బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు నిప్పు తగిలాక లేస్తాయని అక్కడి వలంటీరు పెద్దావిడ చెప్తేనే తెలిసింది.

కృష్ణాతీరం:
ఇది ఫోన్‌లో చదివినా తెలుస్తుంది.

నల్లమల_పిల్ల:
చదివారా మరి?

మీరు అమ్మగారి మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. మా అత్తయ్యగారికీ ఇంగ్లిష్ రాదు. అమడోర్ కౌంటీలో ఇండియన్ గ్రైండింగ్ రాక్ పార్కు ఉంది. ఒకే పెద్ద బండ మీద 1,185 గుంటలు. మివోక్ తెగ ఆడవాళ్లు ఓక్ గింజలు దంచీ దంచీ పడ్డవి. ఆవిడ చూడగానే చెప్పులు విప్పి కంచె పక్కన కూర్చుని, "ఇవి రోళ్లే కదే, మరి రోకళ్లేవీ?" అన్నారు. ఆ మాట నేను అక్కడి అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి దంచే రాయి ఎలా పట్టుకునేవారో చేత్తో చూపించింది. చేదు పోవడానికి ఆ పిండి మీద నీళ్లు పోసి పోసి వంచేవారని చెబితే, "ఎన్నిసార్లు?" అని అడిగారు అత్తయ్య. అరగంట మాట్లాడుకున్నారు ఇద్దరూ, నేను మధ్యలో అటూ ఇటూ. మీరు పదికి ఒకటి చెప్పి, అమ్మకు అర్థం కాలేదంటే ఎట్లా?

కృష్ణాతీరం:
మీ అత్తయ్యగారికి రోళ్లు చూపించారు. మా అమ్మకు ఏం చూపించారో చెప్పమంటారా? చివరి అరగంట చెట్ల ఊసే లేదు. 1848లో బంగారం దొరికాక ఇక్కడి మూలవాసుల్ని ఎలా చంపారో, 1850లో చట్టం చేసి మరీ వాళ్ల పిల్లల్ని ఎలా వెట్టికి పెట్టుకున్నారో చెప్పాడు. లక్షా యాభై వేల మంది ఇరవై ఏళ్లలో ముప్పై వేలు అయ్యారట. అందరి మొహాలూ చూసి అమ్మ "ఎవరైనా పోయార్రా?" అని అడిగింది. ఈ మధ్య వానలు సరిగా పడటం లేదట అని చెప్పాను. మావాడు ఊరుకోలేదు. "నానమ్మా, నాన్న అబద్ధం చెప్తున్నాడు" అని వాడికొచ్చిన తెలుగులో మొత్తం చెప్పేశాడు. కారెక్కాక అమ్మ పులిహోర డబ్బా మూత తీయలేదు.

నల్లమల_పిల్ల:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

మాది మార్కాపురం వైపు. చిన్నప్పుడు శివరాత్రికి శ్రీశైలం నడిచేవాళ్లం. అడవిలో దారి చూపించేది చెంచులు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ఆ దారి చూపించేవాళ్లు ఏం తింటున్నారో మాత్రం ఎవరూ అడగలేదు, నాతో సహా. మీ పార్కులో ఆ గైడ్ చెప్పింది ఇక్కడి గవర్నరే 2019లో ఒప్పుకుని క్షమాపణ అడిగిన విషయం. మీరు వానల మీదకు నెట్టారు. పిల్లాడిది తప్పా?

కృష్ణాతీరం:
పిల్లాడిది తప్పని నేను అనలేదు. మీకది చరిత్ర. నాకు మా అమ్మకున్న ఆరు నెలల వీసాలో ఒక శనివారం. మా నాన్న పోయి ఏడాది కాలేదు. నవ్వుతుందని తీసుకెళ్లాను.

చిరుజల్లు:
అయ్యో.

నల్లమల_పిల్ల:
అది నాకు తెలియదు, సారీ అండి. కానీ వానల మాట మాత్రం ఇప్పటికీ తప్పే అంటాను.

కృష్ణాతీరం:
అనండి. నేను మళ్లీ అదే చెప్తాను.

లెక్కలమాస్టారు:
అసలు విషయం పక్కకు పోయింది. పైన్‌కాయ వెనక్కి పెట్టించడం నిబంధనల ప్రకారం సరైనదే. గింజలు ఉడుతలు తింటాయి, కొన్ని మొలుస్తాయి. పెట్టించింది రేంజరా, ఇంటర్‌ప్రెటరా అన్నది మీరింకా చెప్పలేదు.

కృష్ణాతీరం:
తుపాకీ లేదు మాస్టారూ. ఇంకో సంగతి. రెండో జేబులో ఇంకో కాయ ఉందట. బట్టలు ఉతకడానికి వేస్తూ అమ్మే తీసి, దేవుడి అరలో పెట్టింది.

ఫ్రీమాంట్_బాబాయ్:
మాస్టారూ, ఇప్పుడు పిలవండి ఆ తుపాకీ ఉన్నాయన్ని.