సమస్య: "జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్"

కోదండం (ఫ్రిస్కో), నిర్వాహకుడు:
ఈసారి సమస్య నాది కాదు, మా ఫ్రిజ్జుది. మా తొమ్మిదేళ్ళవాడు ఏటా ఆగస్టులో మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ క్యాంపుకొచ్చిన 90 మందిలో ఎవరూ ఖాతరు చెయ్యని ఐదుగుర్ని ఏరి, పేర్లు కాగితం మీద రాసి, తిరుపతి అయస్కాంతం కింద పెడతాడు. పేరున్నవాళ్ళు వాడికి పనికిరారు. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ 7 రౌండ్లూ గడిచినా ఎవరూ పిలవనివాడే కావాలి. నెలాఖరుకి 90 కాస్తా 53 అవుతుంది కదా, ఆ వారమంతా ఒక్కొక్క పేరూ కొట్టేస్తూ వస్తాడు. మొన్న ఐదోదీ కొట్టేసి, పెన్సిలు గట్టు మీద పడేసి, "నాన్నా, నావాళ్ళెవరూ టీములో లేరు. ఇంక ఈ టీముని ఎవరు కాపాడతారు?" అన్నాడు. పొయ్యి మీద పోపు మాడిపోయింది గానీ నాకు పాదం దొరికింది.

అమెరికన్ ఫుట్‌బాల్ దాటిపోకండి. క్రికెట్‌లోకి దూకిన పద్యాన్ని నిర్దయగా తీసేస్తాను. మీ మీ అనామకుణ్ణి పట్టుకొచ్చి పూరించండి.

విశాలాక్షి (ప్లేనో):
మా ఊరి కుర్రాడు ఉండగా వేరే ఊరు పోవడం దేనికి?

కం.
తట్టుచుఁ గీబోర్డు గడిపి
కట్టుకొనిన సతి పలుకునుఁ గడు మన్నించెన్
గట్టిగఁ దన్నెను బంతిని
జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్

బ్రాండన్ ఆబ్రీ. సాకర్ ఆడాడు, అది సాగలేదు, మనందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాడు. ఓ రోజు టీవీలో బంతి తన్నే ఆటగాడు (కిక్కర్) ఎవరో గురి తప్పితే పక్కన కూర్చున్న ఇల్లాలు "ఇది నువ్వూ చెయ్యగలవు" అంది. 2023లో కౌబాయ్స్‌కి వచ్చి మొదటి 35 ఫీల్డ్ గోల్స్ (స్తంభాల మధ్యగా తన్నే తన్నులు) వరసబెట్టి కొట్టాడు. పెళ్ళాం మాట వినండి అని మా ఆయనకి ఈ పద్యం అచ్చు తీసి ఇచ్చాను.

అరసున్న:
గీబోర్డు! సూత్రం ప్రకారం తప్పు పట్టలేను. తట్టుచున్ తరవాత కకారం గకారం అవ్వాల్సిందే. కానీ పైకి చదివితే మాత్రం ఎవరో జలుబు చేసినవాడు తాళంచెవి అడిగినట్టుంది. రెండోది, "గడిపి" అన్నారు. ఏం గడిపి? కాలమా, సంసారమా? కర్మ లేదు. సతి మాట బాగుంది. పద్యం మొత్తంలో ఆవిడొక్కతే నిలబడింది.

ఉక్కు సుబ్బారావు (పిట్స్‌బర్గ్):
విశాలాక్షమ్మగారూ, 35 సంగతి సరే. ఆ సీజన్ మొట్టమొదటి ఆటలో జైంట్స్ మీద టచ్‌డౌన్ తరవాత తన్నే ఎక్స్‌ట్రా పాయింటు, తన తొలిదే తప్పాడు కదా, అది పద్యంలోకి ఎక్కలేదేం?

విశాలాక్షి (ప్లేనో):
దిష్టి తియ్యడానికి ఒకటి పోవాలి అన్నయ్యగారూ. మీ పద్యం పెట్టండి ముందు.

ఉక్కు సుబ్బారావు (పిట్స్‌బర్గ్):
పెట్టాను, కాచుకోండి. విశాఖ ఉక్కు వదిలి ఈ ఉక్కు ఊరొచ్చి ఇన్నేళ్ళయినా ఈ ఊరిపేరు ప్రాసలో పడుతుందని ఇవాళే తెలిసింది. పెన్ హిల్స్ వెంకన్న దయ.

కం.
పిట్టుసుబర్గున విడిచిరి
పట్టుదలను మరల వచ్చి బంతినిఁ బట్టెన్
ముట్టెను నూఱవ గజమును
జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్

జేమ్స్ హారిసన్. 2002లో డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగలేదు. తీసుకోవడం, పంపెయ్యడం, మళ్ళీ తీసుకోవడం. కట్ చేసే రోజున మనిషొకడు తలుపు దగ్గరికొచ్చి "కోచ్ రమ్మంటున్నారు, ప్లేబుక్ కూడా తెచ్చుకో" అంటాడే, ఆ మాట ఈయనకి కంఠతా వచ్చేసుంటుంది. అలాంటివాడు 2009 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌లో అరిజోనా విసిరిన బంతిని సొంత గోల్ గీత దగ్గర లాక్కుని 100 గజాలూ పరిగెత్తాడు. చివర ఊపిరాడక అక్కడే పడుకుండిపోయాడు.

అరసున్న:
"పిట్టుసుబర్గు"కి నా నమస్కారం, నవ్వు ఆగలేదు. పూరణ మాత్రం కుదరలేదు. ఆ 100 గజాలనాటికి ఆయన జట్టులోనే ఉన్నాడు. ఉండటం కాదు, ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. ఒకప్పుడు లేనివాడు తరవాత కాచాడు అంటే అది చరిత్ర, పూరణ కాదు. సమస్యలోని విరోధం అలాగే ఉండిపోయింది.

రామచిలుక (సన్నీవేల్):
విరోధం మీరు విప్పమంటే విప్పుతాను. మూడో పాదం చివరి అక్షరం మీద ఓ కన్నెయ్యండి.

కం.
చిట్టచివరి పేరు పలికి
గట్టిగ నవ్విరి జనములు గడపట వాఁడే
మట్టిని మణి యైనాఁడు బ
జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్

2022 డ్రాఫ్ట్‌లో 262వ పేరు, అదే ఆఖరుది. ఆ చోట పిలిచినవాణ్ణి "పనికిరానివాడు" అని ముద్దుగా వెక్కిరించడం ఇక్కడి ఆచారం. ఆ బ్రాక్ పర్డీనే మా శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, అయ్యాడు. 2023లో ఆయన మూలజీతం 8,70,000 డాలర్లు. ఆ పనికి ఇతర జట్లు కోట్లు ధారపోస్తున్నాయి. బజట్టులో లేనివాడంటే అదీ!

విశాలాక్షి (ప్లేనో):
అబ్బ! "బ" విరుపు అదిరింది చిలకమ్మా. 49ఎర్స్ అని తెలిసినా మెచ్చుకోక తప్పట్లేదు.

అరసున్న:
బజట్టా? అది బడ్జెట్టు. డకారం ఏ గంగలో కలిసింది? పలికేటప్పుడు లేని మాటని పద్యం కోసం పుట్టించడం విరుపు కాదు, విరవడం. ఇంకోటి, కాచెన్ అన్నారు. 2024 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌లో చీఫ్స్ చేతిలో ఓడినప్పుడు ఎవర్ని కాచాడట?

రామచిలుక (సన్నీవేల్):
ఎవర్ని కాచాడో డాలస్‌వాళ్ళని అడగండి మాస్టారూ. 2023 అక్టోబరులో 42-10. వాళ్ళకి బాగా గుర్తుంటుంది.

మా నాయనమ్మ రేడియోలో విని "బజట్టు వచ్చిందంట, కిరసనాయిలు పెరిగిందంట" అనేది. ఆవిడ నోట్లో పుట్టిన మాట నాకు చాలు. అయినా ఉచ్చారణ గురించి చెప్పేది ఎవరు? ఉగాదికి "పులినిఁ జూచి లేడి పులకరించె" అని సమస్య ఇచ్చినప్పుడు తమరు పంపిన పూరణ ఇక్కడ ఎంతమందికి గుర్తుందో. నేనైతే దాచుకున్నాను:

ఆ.వె.
సిన్సినాటి యాటఁ జేరి చూచిన యంత
చాఱలున్న బొమ్మ చాల నెగిరె
సీటు నున్న వనిత చెంగున లేచెను
పులినిఁ జూచి లేడి పులకరించె

సిన్సినాటి జట్టు బెంగాల్స్ ఆటలో పులివేషం బొమ్మ సరే. లేడీని లేడి చేసిన చేత్తోనా నా బజట్టుని పట్టుకుంటారు? దీర్ఘం ఏ గంగలో కలిసింది?

ఉక్కు సుబ్బారావు (పిట్స్‌బర్గ్):
పైగా "వనిత" అని చెప్పేశాక మళ్ళీ లేడి ఎందుకు? పునరుక్తి. అప్పుడే అందామనుకున్నాను, పండగపూట ఎందుకులే అని ఊరుకున్నా.

అరసున్న:
పండగ అయిపోయి ఐదు నెలలైంది, ఇప్పుడు గుర్తొచ్చిందా సుబ్బారావుగారూ? లేడి అన్నది శ్లేష. శ్లేషలో దీర్ఘం చూడరు.

రామచిలుక (సన్నీవేల్):
విరుపులో డకారం చూడరు.

కోదండం (ఫ్రిస్కో), నిర్వాహకుడు:
ఉగాది పచ్చడి ఇప్పుడు వడ్డించకండి. అసలు విషయానికొస్తే, కౌబాయ్స్ చరిత్రే పిలవని పేరంటాళ్ళ చరిత్ర. డ్రూ పియర్సన్‌ని 1973లో ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. ఎవర్సన్ వాల్స్‌నీ 1981లో అంతే, తొలి ఏడాదే 11 బంతులు దొంగిలించాడు. అలాగే డ్రాఫ్ట్ కాని టోనీ రోమో గురించి నేను ఎత్తితే సగం మంది పద్యాలు మానేసి తగాదాకి దిగుతారు, అందుకే ఎత్తను.

మావాణ్ణి ఆర్లింగ్టన్‌లో ప్రీసీజన్ (అసలు సీజన్‌కి ముందు) ఆటకి తీసుకెళ్ళినప్పుడు నాలుగో క్వార్టర్‌కి జనం సగం లేచిపోయారు. వీడు మాత్రం కుర్చీ మీద నించుని ఒకే అంకె చొక్కా వేసుకున్న ఇద్దర్ని చూపించి, "వీడు నావాడు, వాడు కాదు" అంటాడు. 90 మందికి అంకెలు చాలవు కదా, డిఫెన్స్‌లో ఒకడికీ అఫెన్స్‌లో ఒకడికీ అదే అంకె. సొంత అంకె కూడా లేనివాడి మీద అంత ప్రేమ! చొక్కా కొనిపెట్టమని అడిగితే దుకాణంలో ఆ పేరుతో లేనే లేదు.

బాస్టన్ భట్టు:
ఆలస్యానికి మన్నించాలి. మీరంతా ఊళ్ళు తిరిగి రండి, సూపర్‌బౌల్‌ని ఒక్క పట్టుతో తిప్పినవాడు మావాడే.

కం.
కొట్టునఁ గోడిని వేచుచు
పొట్టను నింపెడి పేదయె పోరున నిలిచెన్
బట్టెను గడపటి బంతిని
జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్

మా పేట్రియట్స్ జట్టు మాల్కమ్ బట్లర్. పపాయ్స్‌లో కోడి వేయించినవాడు. వెస్ట్ అలబామా కాలేజీ. 2014లో డ్రాఫ్ట్ కాలేదు. 2015 ఫిబ్రవరి 1న సూపర్‌బౌల్ చివర్లో సియాటిల్‌వాళ్ళు గోల్ గీతకి ఒక్క గజం దూరంలో ఉండగా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ విల్సన్ బంతి విసిరితే లటుక్కున అందుకున్నాడు. 28-24తో గెలిచాం.

అరసున్న:
భట్టుగారూ, రెండో పాదంలో ఆరో గణం.

బాస్టన్ భట్టు:
ఏమైంది?

అరసున్న:
పేదయె. కందంలో ఆరో గణం నలమో జగణమో కావాలి, ఇది భగణం. ఇరవై ఏళ్ళుగా కందం రాస్తున్నానని పోయినవారం చెప్పుకున్నట్టు గుర్తు.

బాస్టన్ భట్టు:
...అవును. చేతివేగంలో జారింది. చెవికి ఇంపుగా ఉందని చూసుకోలేదు. సవరణ: "పొట్టను బోషించువాఁడు పోరున నిలిచెన్". ఇప్పుడు తమరి దయ ఉన్నట్టేనా? ఒక్క గణానికి ఒక్క మాటలో తీర్పు చెప్పే బదులు ఆ కోడి గురించి రెండు మాటలు అనొచ్చుగా.

అరసున్న:
కోడి బాగుంది. "వేచుచు" అంటే మా వైపు ఎదురుచూస్తూ అని కూడా. కోడి వేపుతూ పిలుపు కోసం వేచాడు. మీరు కావాలని రాశారో లేదో గానీ రెండర్థాలూ నప్పాయి. కానీ సుబ్బారావుగారికి చెప్పిందే మీకూ. ఆ రోజు బట్లర్ 53 మందిలో ఉన్నాడు. మొదటి పదకొండులో లేడు, అంతే. బెంచీ మీద ఉన్నవాడు జట్టులో లేడంటే ఎలా?

బాస్టన్ భట్టు:
మీరు ఇంతవరకు ఒక్క పూరణా పెట్టలేదు. గమనించాను.

ఉక్కు సుబ్బారావు (పిట్స్‌బర్గ్):
నేనూ గమనించాను.

విశాలాక్షి (ప్లేనో):
పులివేషం ఆరేసుకుంటున్నారేమో.

మౌనశ్రోత (తెనాలి):
నమస్కారమండీ. రెండేళ్ళుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ ఆట తెల్లవారుజామున లేచి మా అబ్బాయి కోసం చూడటం మొదలుపెట్టాను, వాడు డెట్రాయిట్‌లో ఉంటాడు. భట్టుగారి ఆఖరి బంతి మీదే నాదీ, కానీ మనిషి వేరు.

కం.
దిట్టయి శత్రుని వేషము
కట్టెను సాధనమునందుఁ గన్నులు దెఱచెన్
బట్టికలోఁ బేరు గనము
జట్టున లేనట్టివాఁడె జట్టును గాచెన్

53 మందిలో చోటు రాకపోతే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెడతారు కదండీ. వారమంతా అవతలి జట్టు వేషం కట్టి మనవాళ్ళతో ఆడటం, ఆదివారం ఆటకి దిగకపోవడం, అదీ వాళ్ళ ఉద్యోగం. ఆ సూపర్‌బౌల్‌కి ముందు సియాటిల్‌వాళ్ళు ఆడే ఎత్తునే పేట్రియట్స్ ప్రాక్టీసులో ఆడించారట. బంతి విసిరింది వాళ్ళ రెండో క్వార్టర్‌బ్యాక్ గరాపొలో. అందుకున్నది జాష్ బాయ్స్. టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కుర్రాడు, ఆ ఏడు ప్రాక్టీస్ స్క్వాడ్. ఆ రోజు అతని చేతిలో మోసపోయి టచ్‌డౌన్ ఇచ్చేసినవాడు ఎవరనుకున్నారు, ఈ బట్లరే. ఇది మళ్ళీ వస్తుంది, ఇంకాస్త ముందుకి ఉరకాలి అని కోచ్ చెప్పాడు. ఫిబ్రవరి 1న వచ్చింది. ఉరికాడు.

బట్లర్ పేరు అందరికీ తెలుసు. ముందు ఓడించి నేర్పినవాడి పేరు ఆ రోజు ఆటగాళ్ళ పట్టికలోనే లేదు.

బాస్టన్ భట్టు:
అమ్మా, నేను ఆ ఊళ్ళో ఉండి, ఆ ఆట పదిసార్లు చూసి, కోడి దగ్గరే ఆగిపోయాను. నా పద్యం వెనక్కి తీసుకోవడానికి అభ్యంతరం లేదు.

విశాలాక్షి (ప్లేనో):
టీసీయూ అంటే మా ఫోర్ట్‌వర్త్! భట్టుగారూ, చూశారా, మీ సూపర్‌బౌల్ కూడా మేమే గెలిపించాం.

రామచిలుక (సన్నీవేల్):
"వేషము కట్టెను" దగ్గర ఆగి మళ్ళీ చదివాను. మాస్టారి పులివేషం కన్నా ఇది మేలు.

ఉక్కు సుబ్బారావు (పిట్స్‌బర్గ్):
"కన్నులు దెఱచెన్" అంటే తన కళ్ళు తెరిచాడనీ వస్తుందేమో? తెరిపించెన్ కదా అక్కడ ఉండాలి?

మౌనశ్రోత (తెనాలి):
నిజమేనండీ. గణాల్లో ఇమడక వదిలేశాను. ఇంకా చూస్తున్నాను.

కోదండం (ఫ్రిస్కో), నిర్వాహకుడు:
వదిలెయ్యండమ్మా, బాగుంది. ఇందాక మావాడికి ఈ కథ చెప్పాను. ఏమీ అనలేదు. ఫ్రిజ్జు దగ్గరికెళ్ళి, కొట్టేసిన ఐదు పేర్లలో రెండింటి పక్కన మళ్ళీ పెన్సిలుతో ఏదో రాశాడు. ఆ ఇద్దర్నీ ఇవాళ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకున్నారట. 16 మందిలో ఇద్దరు తనవాళ్ళని ఇప్పుడు ఇంట్లో నడక మారిపోయింది.

అరసున్నగారూ, తమరి మాట కోసం చూస్తున్నాం.

అరసున్న:
మూడుసార్లు చూశాను. యతి, ప్రాస, ఆరో గణం, ద్రుతం తరవాత బకారంతో సహా. తప్పు దొరకలేదు. నేను సగం రాసి పెట్టుకున్నదాంట్లో కూడా ప్రాక్టీస్ స్క్వాడే ఉంది. ఇంక పంపను.

రామచిలుక (సన్నీవేల్):
పంపండి మాస్టారూ. లేడి ఉంటే నేనేమీ అనను.