రొమ్ము ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదు, మీకెలా తగ్గింది?

నాగావళి (రాయగడ)
అందరికీ నమస్కారం. మాది రాయగడ. రొమ్ము క్యాన్సర్‌కి నాకు ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. ఆపరేషన్ వైజాగ్ దగ్గర అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రిలో అయింది. గాయం బాగానే మానింది, డ్రెయిన్ (గాయంలో నీరు డబ్బాలోకి లాగే గొట్టం) తీసేశారు, కీమో నడుస్తోంది. ఇప్పుడు నా బాధల్లా రాత్రే. పదింటికి పక్క ఎక్కితే రెండు దాటేదాకా ఫ్యాను చూస్తూ ఉండటమే. ఎడమవైపు తిరగలేను, కుడివైపు తిరగాలంటే భయం. వెల్లకిలా పడుకోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. మా అత్తగారేమో "రాత్రి పోయిన నిద్ర పగలు తీర్చుకో" అంటారు. పక్కింటి దీదీ నిద్ర మాత్ర తెచ్చుకోమంటోంది, షాపులో అడిగితే ఇచ్చేస్తారట. వేసుకోనా? ఇది పడ్డవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
చెల్లీ, నేనూ నీలాగే పక్కకి తిరిగి ముడుచుకుని పడుకునే దాన్నే. ముందు ఆ వెల్లకిలా సంగతి చెప్తాను. బల్లపరుపుగా పడుకుంటే ఛాతీ చర్మం లాగుతుంది, ఊపిరి కూడా బరువుగా ఉంటుంది. వీపు ఎత్తు చేసి సగం కూర్చున్నట్టు పడుకోవాలి. ఆస్పత్రి మంచమైతే తిప్పితే లేస్తుంది, మన ఇంట్లో ఎక్కడిది? మా ఆయన ప్లాస్టిక్ కుర్చీని తలవైపు మంచం మీద బోర్లించి పెట్టారు. కుర్చీ వీపు ఏటవాలుగా ఉంటుంది కదా, దాని మీద బొంత మడతపెట్టి, పైన రెండు తలగడలు. అంతే. బజార్లో వాలు దిండు అని అమ్ముతారు, నాకు దాని అవసరం రాలేదు. మోకాళ్ళ కింద ఒక చిన్న దిండు పెట్టుకో, లేకపోతే తెల్లారేసరికి కిందకి జారిపోయి ఉంటావు.

ఆపరేషన్ అయిన వైపు చెయ్యి కింద కూడా దిండు ఉండాలి, చెయ్యి గుండె కన్నా కాస్త ఎత్తులో. వాపుకి మంచిదని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. డ్రెయిన్ తీసేశాక డాక్టరు సరే అంటే కుడివైపు తిరిగి పడుకోవచ్చు. ఒక దిండు కౌగిలించుకుని ఎడమ చెయ్యి దాని మీద వేసుకో. చెయ్యి కిందకి వేలాడకపోతే లాగుడు ఉండదు. వీపు వెనక ఇంకో దిండు అడ్డం పెడితే నిద్రలో బోర్లా పడతానన్న భయం ఉండదు.

ఇంకా డ్రెయిన్ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే: పాత చీర ముక్కతో చిన్న సంచి కుట్టి మెడలో వేసుకోండి, డబ్బా అందులో ఉంటుంది. మా వైపు దోమతెర లేకుండా పడుకోలేం. గొట్టం తెరలో చిక్కుకుని ఒకసారి లాగేసరికి నాకు చుక్కలు కనబడ్డాయి.

నాగావళి (రాయగడ)
కుర్చీ ఉపాయం ఈ రాత్రే చూస్తాను అక్కా. చేతి లోపలివైపు మొద్దుబారినట్టు, మధ్యలో మిరపకాయ రాసినట్టు మంట. పగలు పనిలో తెలీదు, రాత్రి అదే తెలుస్తుంది. ఇది మామూలేనా?

జయపురం నర్సు
మామూలేనమ్మా. చంక గడ్డలు తీసేటప్పుడు చేతి లోపలివైపు స్పర్శ తెలిపే ఒక నరం సాగడమో తెగడమో జరుగుతుంది. మొద్దుబారడం, మంట, సూదులు పొడిచినట్టు ఉండటం అందుకే. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. మంట వల్లే నిద్ర పోతుంటే నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోవద్దు, డాక్టరుకి "మంట" అనే చెప్పండి. నరాల మంటకి మందులు వేరు. గాబాపెంటిన్ లాంటిది రాత్రిపూట ఇస్తారు, అది కాస్త మత్తు కూడా ఇస్తుంది.

అయితే చెయ్యి ఎర్రబడి వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి వాచినా, కీమో మధ్యలో జ్వరం 100.4 దాటినా అది నిద్ర సమస్య కాదు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఒక ప్రశ్న. కీమోకి ముందూ తర్వాతా డెక్సామెథసోన్ మాత్రలు ఇచ్చారా? ఇస్తే ఏ టైముకి వేసుకుంటున్నారు?

నాగావళి (రాయగడ)
ఇచ్చారండి. పొద్దున ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి వేసుకుంటున్నాను. చీటీలో రోజుకి రెండుసార్లు అనే ఉంది.

జయపురం నర్సు
నేను అనుకున్నదే. అది స్టెరాయిడ్. వాంతులు, అలర్జీ రాకుండా ఇస్తారు, కానీ నిద్రని చెడగొట్టడంలో దాన్ని మించింది లేదు. మనిషికి హుషారు, గుండె దడ, అర్ధరాత్రి అల్మారాలు సర్దాలనిపించడం అన్నీ దాని పనే. రెండో మోతాదు మధ్యాహ్నానికి జరపొచ్చా అని మీ ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) వాళ్ళని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. మీ అంతట మీరు మానేయవద్దు, టైము కూడా అడక్కుండా మార్చవద్దు. కొన్ని కీమో మందులకి అది ముందు రోజు నుంచే లెక్క ప్రకారం పడాలి. మీకు నిద్ర లేనిది కీమో వారంలోనా, అన్ని వారాల్లోనా? అది గమనించి రాసుకోండి.

ఇక పక్కింటి దీదీ మాత్ర. ఆల్ప్రజోలమ్ లాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. మా వీధుల్లో అమ్ముతున్నారు, అది వేరే సంగతి. కొద్దిరోజులకి డాక్టరు రాస్తే తప్పు లేదు, భయపడక్కర్లేదు. కానీ సొంతంగా మొదలుపెడితే అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి రెండింతలై తిరిగొస్తుంది. మార్ఫిన్, ట్రామడాల్ లాంటి నొప్పి మందులు కూడా వాడుతుంటే రెండూ కలిసి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. రాత్రి బాత్రూంకి లేచి తూలి పడినవాళ్ళని నా డ్యూటీలో చూశాను.

గుణుపురం పిన్ని
మాత్రలెందుకమ్మా. వేడి పాలల్లో కాస్త జాజికాయ అరగదీసి తాగు, పాదాలకి కొబ్బరినూనె మర్దనా. మా కోడలికి దాంతోనే కుదిరింది. ఇప్పుడు అశ్వగంధ కూడా మొదలుపెట్టింది.

జయపురం నర్సు
పిన్నిగారూ, పాలు, పాదాలకి నూనె హాయిగా చేయించండి. జాజికాయ చిటికెడు దాటకూడదు, ఎక్కువైతే విషమే. అశ్వగంధ మాత్రం కీమో డాక్టరుకి చెప్పకుండా వద్దు. దానివల్ల కొందరికి లివర్ దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. కీమో మందులతోనే లివర్‌కి చాలినంత పని ఉంటుంది. కోడలిగారి ఆస్పత్రిలో ఒక మాట అడగమనండి.

గుణుపురం పిన్ని
అలాగే. పోయినసారి రక్తపరీక్షలో లివర్ ఏదో ఎక్కువుందన్నారు, దీనివల్లేమో అడిగిస్తాను.

ప్రాణహిత (సిరోంచ)
నేను గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి. నాకు కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు టామాక్సిఫెన్ (క్యాన్సర్ మళ్ళీ రాకుండా వేసుకునే హార్మోన్ మాత్ర) మీద ఉన్న. అందరూ "అయిపోయింది కద, ఇంకేం టెన్షన్" అన్నప్పుడే నా నిద్ర పోయింది. ఆస్పత్రికి తిరిగినన్ని రోజులు అలిసిపోయి పడుకునేదాన్ని. ఇంటికొచ్చినంక ప్రతి నొప్పికీ క్యాన్సర్ మళ్ళీ వచ్చిందేమో అనిపించేది. పైగా ఒళ్ళంతా ఆవిర్లు. గాఢ నిద్రలో ఉండంగ ఎవరో పొయ్యి ముందు కూచోబెట్టినట్టు మంట, జాకెట్ తడిసేంత చెమట, మళ్ళీ చలి. పాత కాటన్ చీర పరుచుకుని, మంచం పక్కన తడి తువ్వాల, నీళ్ళు పెట్టుకుంటే మళ్ళీ పూర్తిగా మెలకువ రాకముందే సర్దుకోవచ్చు. సాయంత్రం నుంచి చాయ్ బంద్ చేసిన, రాత్రి కారం తగ్గించిన. ఆవిర్లు పోలేదు, నెమ్మదించాయి.

నాగపూర్‌లో మనసు డాక్టరుకి చూపించుకున్నప్పుడు ఒక సంగతి తెలిసింది, టామాక్సిఫెన్ వాడేటోళ్ళు అందరూ తెలుసుకోవాలి. డిప్రెషన్ మందుల్లో పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ మన టామాక్సిఫెన్ ఒంట్లో సరిగా పనిచేయకుండా అడ్డుపడుతాయి. వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది తక్కువ, ఆవిర్లకి కూడా అదే రాస్తారట. అందుకని ఏ డాక్టరు దగ్గరకి పోయినా ముందు టామాక్సిఫెన్ పేరు చెప్పాలె.

అసలు నాకు పనిచేసింది మాత్రం మాత్ర కాదు. ఆ డాక్టరమ్మ నా నిద్రకి లెక్క కట్టింది. పక్క మీద ఎనిమిది, తొమ్మిది గంటలు ఉంటున్న, పడుకునేది అయిదు. "నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కు, రాత్రి ఎట్ల గడిచినా పొద్దున ఒకే టైముకి లే" అన్నది. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకుంటే లేచి ఇంకోచోట కూచోవాలె, నిద్ర ముంచుకొస్తేనే మళ్ళీ రావాలె. గడియారం మాత్రం చూడొద్దు, అందాజకే. పక్క మీద ఫోన్ లేదు, లెక్కలు లేవు, ఏడుపు లేదు. దీన్ని సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే వైద్యం) అంటారు, నిద్రలేమికి మందు కన్నా ముందు ఇదే చేయాలని చెప్పింది. మొదట్ల నరకం. పగలంతా తూలుడే. తర్వాత్తర్వాత పక్క ఎక్కితే కళ్ళు మూతపడటం మొదలైంది. కీమో నడుస్తున్నోళ్ళు పక్క మీద టైమును మరీ కోసుకోవద్దు, డాక్టరును అడిగే చెయ్యాలె.

నాగావళి (రాయగడ)
ప్రాణహిత గారూ, ఇరవై నిమిషాలకి లేచి ఎక్కడ కూర్చోను? మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తగారు, పిల్లలు. నేను లేచానంటే "ఏమైంది, ఏమైంది" అని ఇల్లంతా లేస్తుంది.

ప్రాణహిత (సిరోంచ)
నాకూ అదే అయింది తల్లీ. పగలే అందరినీ కూచోబెట్టి చెప్పిన, "నేను లేస్తే నొప్పి కాదు, డాక్టర్ చెప్పిన వైద్యం, ఎవరూ లేవొద్దు" అని. లేచేంత జాగా లేకుంటే పక్క మీదనే దిండుకి ఆనుకుని కూచో, పడుకోవద్దు. తక్కువ వెలుతురులో చేతితో చేసే పని ఏదన్నా పెట్టుకో. నేను బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. ఫోన్ మాత్రం ముట్టొద్దు, రాత్రి రెండింటికి గూగుల్ చేస్తే అన్నీ చావు కబుర్లే కనబడతాయి.

బరంపురం మాస్టారు
మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. మా ఆవిడకి ఇక్కడి ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో కీమో. పగటి నిద్ర గురించి ఒక మాట. వేసవిలో మా ఇంట్లో మధ్యాహ్నం పఖాళే (నీళ్ళలో నానబెట్టిన అన్నం). పెరుగు, వేయించిన బడి (పప్పు వడియాలు) నంజుకుని తిన్నాక గంటలకొద్దీ నిద్ర. రాత్రి ఆవిడకి కన్ను అంటుకోదు, ఆవిడ దొర్లుతుంటే నాకూ లేదు. డాక్టరు పగటి నిద్ర మధ్యాహ్నం మూడింటి లోపే, అదీ అరగంట మించకుండా అన్నారు. అలారం పెట్టి లేపితే మొదట్లో తిట్లు తిన్నాను. కీమో అయిన వెంటనే వచ్చే రోజుల్లో మాత్రం ఆ రూలు పెట్టొద్దన్నారు, ఒళ్ళు అడిగినంత పడుకోనివ్వాలట.

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం నడుస్తున్నాం. ఓపిక ఉన్న రోజు అరగంట, లేనిరోజు వీధి చివరిదాకా. నాకు తెలిసినంతలో ఆవిడకి నిద్రని లాక్కొచ్చింది నడకే. కరెంటు పోయిన రాత్రులకి మాత్రం మందు లేదు.

భయం గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు, నేను రాస్తాను. మా ఆవిడ రాత్రి రెండింటికి లేచి "పిల్లకి పెళ్ళి ఎవరు చేస్తారు" అని అడిగింది ఒకసారి. ఏం చెప్పాలో తెలీలేదు. తర్వాత టెలిమానస్‌కి (మనసు బాధలకి ఫోన్‌లో సాయం చేసే సర్కారు నంబరు) చేశాం, 14416. 2022 అక్టోబరులో సర్కారు పెట్టింది, డబ్బు పడదు, రాత్రీ పగలూ ఉంటుంది. ఒడియాతో పాటు తెలుగు కూడా ఎంచుకోవచ్చు. ఆవిడకి ఒడియా బాగా వచ్చు, అయినా తెలుగులోనే మాట్లాడింది. ఏడవాలన్నా మన భాష కావాలి కదా.

నాగావళి (రాయగడ)
మాస్టారూ, రాసినందుకు థాంక్స్ అండీ. ఆ పెళ్ళి మాట నేనూ అనుకుంటాను, పైకి అనను.

ఇవాళ ఆస్పత్రికి ఫోన్ చేశాను. డెక్సా రెండో మాత్ర మధ్యాహ్నం రెండింటికి వేసుకోమన్నారు. మంట సంగతి వచ్చేసారి చూస్తామన్నారు. నిన్న కుర్చీ మీద పడుకున్నాను అక్కా, వీపు కుదిరింది, మెడ పట్టేసింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రెండు తలగడలు ఎక్కువైనట్టున్నాయి, ఒకటి తీసేయ్. వైజాగ్‌కి రాత్రి బండిలో వెళ్ళొస్తుంటే ఆ రాత్రి నిద్ర ఎలాగూ పోతుంది, పగటి బండి చూసుకో. క్యాన్సర్ వైద్యానికి వెళ్ళేవాళ్ళకి రైల్వే రాయితీ ఉంది తెలుసా? స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్టుకి డబ్బే పడదు, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రిలో ఫారం అడుగు. కింద బెర్తే రాయించుకో, ఆ చేత్తో పైకి ఎక్కలేవు.

కొత్త సభ్యురాలు (ధర్మాబాద్)
నమస్తే. మా అమ్మకి డెబ్బై దాటినయి, పోయిన నెల ఆపరేషన్ అయింది. నొప్పి లేదు, టెన్షన్ లేదు, కాని రాత్రికి నాలుగైదు సార్లు బాత్రూంకి లేస్తది. లేచిందంటే మళ్ళీ నిద్ర పట్టదు. బీపీకి ఒక మాత్ర రాత్రి వేసుకుంటది.

జయపురం నర్సు
ఆ బీపీ మాత్రలో నీరు పోయే మందు కలిసి ఉందేమో పేరు చూడండి, ఉంటే పొద్దునకి మార్చొచ్చా అని రాసిన డాక్టరుని అడగండి. షుగర్ కూడా ఒకసారి చూపించండి, కీమో నడుస్తుంటే దానితో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల అది పెరిగినా ఇలాగే లేస్తారు. మూత్రంలో మంట ఉందా? మాత్ర పేరు ఇక్కడ పెట్టండి.