తల్లిదండ్రుల మెడికేర్‌కు జీవితాంతం జరిమానా: ఇది న్యాయమేనా?

ప్లేనో వాసి:
మా నాన్నగారు 2015 జూన్‌లో, తమ 66వ ఏట, గ్రీన్‌కార్డుతో టెక్సస్ వచ్చారు. ఇక్కడ ఉద్యోగం చేయలేదు కనుక, సంపాదన మీద పన్ను కట్టినవారికి జమయ్యే 40 క్రెడిట్లు ఆయనకు లేవు. శాశ్వత నివాసిగా వరుసగా ఐదేళ్లు నిండాక, అంటే 2020 జూన్‌లో, 65 ఏళ్లు నిండినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌ను డబ్బు కట్టి కొనుక్కునే అర్హత వచ్చిందని మాకెవరూ చెప్పలేదు. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ ద్వారా కొన్న ప్రైవేటు బీమా ఎలాగూ ఉందని దాన్నే కొనసాగించాము. ఈ ఫిబ్రవరిలో, మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చుల భాగమైన పార్ట్ బీ కోసం అడిగితే, 2026లో చాలామంది కట్టే 202.90 డాలర్లకు బదులు నెలకు సుమారు 304 డాలర్లు, అదీ పార్ట్ బీ ఉన్నంతకాలం, కట్టవలసి ఉంటుందన్నారు. సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకుంటున్నవారికి 65 ఏళ్లు నిండే వేళకు కార్డు దానంతటదే ఇంటికి వస్తుంది; పింఛను లేని మా నాన్నగారికి ఒక్క ఉత్తరమైనా రాలేదు. చెప్పకుండా గడువు పెట్టి, అది దాటిందని ప్రాణం ఉన్నంతవరకు వసూలు చేయడం న్యాయమని ఎవరైనా వాదించగలరా?

పాత కాపు:
నేను వాదిస్తాను. దాదాపు ముప్పై ఏళ్లుగా నా జీతంలోంచి 1.45 శాతం, నా యజమాని వైపు నుంచి మరో 1.45 శాతం మెడికేర్‌కు వెళుతున్నాయి. పార్ట్ బీకి మీరు కట్టే మామూలు ప్రీమియం అసలు ఖర్చులో నాలుగో వంతుకు మించదు, మిగిలినదంతా దాదాపుగా ప్రభుత్వ ఖజానా భరిస్తుంది. జరిమానా లేకపోతే ఒళ్లు బాగున్నంతకాలం బయట ఉండి, మోకాళ్లు అరిగాకో, గుండెకు స్టెంటు వేయవలసి వచ్చాకో అందరూ చేరతారు. పైగా జరిమానాను 65వ ఏటి నుంచి లెక్కిస్తారు, కనుక మీకు తక్కువే వేశారు.

లెక్కల మాస్టారు:
అర్హతే లేని కాలానికి జరిమానా ఉండదు. వీరి నాన్నగారికి తొలి నమోదు గడువు ఐదేళ్లు నిండిన నెలకు అటు మూడు, ఇటు మూడు కలిపి ఏడు నెలలు, అంటే 2020 మార్చి నుంచి సెప్టెంబరు వరకు. అక్కడి నుంచి 2026 ఫిబ్రవరి చివరికి 65 నెలలు. వాటిలో పూర్తి పన్నెండు నెలల కాలాలు ఐదు, ఒక్కొక్కదానికి 10 శాతం చొప్పున 50 శాతం. ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుల భాగమైన పార్ట్ ఏ కూడా కొనుక్కుంటే దాని జరిమానా వేరు: 30 క్రెడిట్లు కూడా లేనివారికి 2026లో నెలసరి ప్రీమియం 565 డాలర్లు, జరిమానా దానిపై 10 శాతం మాత్రమే, అదీ ఆలస్యమైన ఏళ్లకు రెట్టింపు కాలం, అంటే పదేళ్లు.

తెనాలి నుంచి:
నాకు 40 క్రెడిట్లు ఉన్నాయి, ఉద్యోగం ముగించుకుని తెనాలి వచ్చేశాను. ఇక్కడి ఆసుపత్రిలో మెడికేర్ ఒక్క రూపాయి ఇవ్వదు. అయినా తిరిగి వెళితే నాకూ పార్ట్ బీ జరిమానా వేస్తారట. ఇదేం పద్ధతి?

పాత కాపు:
చూశారా, 65 నుంచే లెక్క అని నేను అన్నది ఇదే.

లెక్కల మాస్టారు:
ఈ రెండింటినీ కలపకండి. తెనాలివారికి క్రెడిట్ల వల్ల పార్ట్ ఏ ఉచితం కనుక, ఎక్కడున్నా 65 నిండగానే పార్ట్ బీకి అర్హత వచ్చేసింది. ప్లేనోవారి నాన్నగారికి ఇక్కడ ఐదేళ్ల నివాసం వల్లనే వచ్చింది.

ఎడిసన్ కోడలు:
అంకెల మాట అలా ఉంచండి. మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పటి నుంచి తెల్లవారుజామున లేచి పిల్లల డబ్బాలు సర్ది, జడలు వేసి, మంచులోనూ బస్సు దాకా చేయి పట్టుకుని తీసుకువెళ్లి ఎక్కించారు. బయట పనిచేసి 1,890 డాలర్లు సంపాదిస్తే 2026లో ఒక క్రెడిట్ వస్తుంది. ఆవిడ చేసినదానికి ఒక్కటీ రాలేదు. ఆవిడ ఉన్నారు కనుకనే నా ఉద్యోగం నిలిచింది, నా జీతంలోంచి కూడా ఆ 1.45 శాతం పోతూనే ఉంది. పన్ను కట్టనివారు వచ్చి అనుభవిస్తున్నారన్నట్టు మాట్లాడకండి.

పాత కాపు:
డేకేర్ ఖర్చు మిగిలింది మీకు కనుక జరిమానా కూడా మీరే కట్టండి. స్పాన్సర్ ఇచ్చే ఐ-864 హామీపత్రం మీద మా తల్లిదండ్రులను మేమే పోషించుకుంటామని సంతకం పెట్టింది కొడుకులూ కూతుళ్లే. గ్రీన్‌కార్డు కాగితాలను పంక్తి పంక్తీ చదివినవారికి మెడికేర్ నిబంధనలు చదివే తీరిక లేకపోయిందా? పెద్దవారిని పిల్లల కాపలాకు తెచ్చుకోవడం, ఆ తరువాత ఉత్తరం రాలేదనడం!

ప్లేనో వాసి:
మాట మర్యాద కాపాడుకోండి. మా ఇంట్లో పిల్లలే లేరు, నాన్నగారు ఒంటరివారయ్యారని తీసుకువచ్చాను. మీ తల్లిదండ్రులకు మీరేం చేశారో చెప్పి, ఆ తరువాత మాకు బుద్ధి చెప్పండి.

పాత కాపు:
చెబుతాను. 2008లో మా అమ్మను తీసుకురావాలనుకున్నాను. ఆమెకు చక్కెర వ్యాధి. ఐదేళ్లదాకా మెడికేర్ రాదు. ఉన్న జబ్బును చూపి బీమా నిరాకరించే వీలు ఆనాటి కంపెనీలకు ఉండేది, ఆ వీలు పోయింది 2014లో. లెక్క వేసుకుని ఆగిపోయాను. ఆమె చివరిదాకా ఒంగోలులో జీతానికి పెట్టిన మనిషి చేతుల మీదుగా గడిపింది. లెక్క చూసి ఆగినవారికి దక్కనిది, లెక్క చూడకుండా తెచ్చుకున్నవారికి జరిమానా కూడా లేకుండా దక్కాలని మీరు అడుగుతున్నారు. నేను ఒప్పుకోలేనిది అక్కడే.

ఎడిసన్ కోడలు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ అమ్మగారి విషయంలో జరిగింది అన్యాయమే. కానీ వీరి నాన్నగారి దగ్గర నెలకు మరో నూరు డాలర్లు వసూలు చేస్తే ఆమెకు ఒరిగేదేమిటి? ఐదేళ్లు ఆగమన్నదీ, ఐదేళ్లయ్యాక చెప్పకుండా ఊరుకున్నదీ ఒకే చట్టం.

లెక్కల మాస్టారు:
ప్లేనోవారికి ఒక మాట. ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 వరకే మీకు నమోదుకు వీలుంది, చేరిన తరువాతి నెల మొదటి తేదీ నుంచి బీమా మొదలవుతుంది. ఇప్పుడు వదిలేస్తే 2027 జనవరికి ఆరో పన్నెండు నెలలూ నిండి జరిమానా 60 శాతమవుతుంది. పార్ట్ బీ ఒక్కటే తీసుకుంటే ఆసుపత్రిలో చేరిన రోజుల గది ఖర్చు దానిలోకి రాదు. ఆదాయం తక్కువగా ఉన్నవారికి మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రామ్ కింద రాష్ట్రమే ప్రీమియం కడుతుంది, అప్పుడు పార్ట్ బీ జరిమానా కూడా పోతుంది. అయితే గ్రీన్‌కార్డు మీద ఉన్నంతకాలం స్పాన్సర్ చేసిన మీ ఆదాయాన్ని కలిపి చూడవచ్చు, పౌరసత్వం వస్తే ఆ చిక్కు ఉండదు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ పేరిట ఉచితంగా సలహా ఇచ్చేవారున్నారు, సంతకం పెట్టేముందు వారితో మాట్లాడండి.

ప్లేనో వాసి:
కృతజ్ఞతలు మాస్టారూ. ఈ నెలలోనే రెండు భాగాలకూ దరఖాస్తు చేస్తాను. డబ్బు నేనే కడతాను, అది నాకు భారం కాదు. కానీ బిల్లు వచ్చేది ఆయన పేరిట. ఆ అంకె విన్న రోజు నుంచి ఫిజియోథెరపీకి వెళ్లనంటున్నారు.

పాత కాపు:
ఫిజియోథెరపీ మాన్పించకండి. జరిమానా ఉండాలన్న నా మాట మారదు, అది తండ్రి పేరిట కాక స్పాన్సర్ పేరిట రావాలంటాను. ఉత్తరం పంపాలన్న విషయంలో మాత్రం మీతో నాకు పేచీ లేదు.