‘డోప్’ చిత్రంలో పాత హిప్‌హాప్ మీద అంత మోజు ఎందుకు?

ప్రశ్న: రిక్ ఫముయివా దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘డోప్’ నిన్న చూశాను. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో పెరిగిన ఈ కాలపు కుర్రవాడు మాల్కమ్‌కు 1990ల నాటి పాటలంటే అంత ప్రాణం ఎందుకు?

మొదటి జవాబు: పేటలోనూ బడిలోనూ ఇమడలేని మాల్కమ్‌కూ, అతడి స్నేహితులు జిబ్, డిగ్గీలకూ ఆ పాటలే సొంత ఇల్లని నాకు అనిపిస్తుంది. నెత్తిన బల్లపరుపుగా నిలబెట్టి కత్తిరించుకున్న మాల్కమ్ జుట్టును గమనించండి, అందరూ వెక్కిరించినా అతడు దానిని వదులుకోడు. ర్యాప్ గాయకుడు ఐస్ క్యూబ్ తన పాటలో చెప్పిన ‘మంచి రోజు’ ఏ తేదీయో లెక్కగట్టి, దానినే హార్వర్డ్ ప్రవేశానికి వ్యాసంగా రాయాలనుకోవడం నన్ను కడుపుబ్బ నవ్వించింది, ఆ పిల్లవాడి శ్రద్ధకు ముచ్చట కూడా వేసింది.

రెండవ జవాబు: చక్కగా చెప్పారండీ. అయితే ఆ ముగ్గురూ వాయించేది హిప్‌హాప్ కాదు, పంక్ అనే జోరైన రాక్ సంగీతమని మరువకూడదు. వారి బృందానికి పాటలు సమకూర్చినవారు సంగీతకారుడు ఫారెల్ విలియమ్స్.