మాస్టర్ అండ్ కమాండర్: శత్రువును మార్చడం తప్పా, తెలివా?

పాతరీలు:
2003లో వచ్చిన ‘మాస్టర్ అండ్ కమాండర్: ది ఫార్ సైడ్ ఆఫ్ ది వరల్డ్’ను మొన్న మూడోసారి చూశాను. దర్శకుడు పీటర్ వియర్, కెప్టెన్ జాక్ ఆబ్రీగా రస్సెల్ క్రో. సర్‌ప్రైజ్ అనే 28 ఫిరంగుల బ్రిటిష్ నౌక, తనకంటే చాలా బలమైన అకెరాన్ అనే ఫ్రెంచి ఓడను బ్రెజిల్ తీరం నుంచి కేప్ హార్న్ చుట్టి గలాపగోస్ దీవుల దాకా వెంటాడుతుంది. కథ ఇంతే. సినిమా గొప్పదే, అందులో వాదం లేదు.

నా పేచీ ఒక్కటే. ఈ సినిమాకు ఆధారమైన ప్యాట్రిక్ ఓబ్రయన్ నవలలో శత్రువు ఫ్రెంచివాడు కాదు, అమెరికన్. కాలం కూడా సినిమాలోలా 1805 కాదు, 1812లో మొదలైన బ్రిటన్-అమెరికా యుద్ధకాలం. దాని వెనక నిజంగా జరిగిన కథ కూడా ఉంది. ఎసెక్స్ అనే అమెరికా ఫ్రిగేట్, అంటే వేగంగా తిరిగే మధ్యస్థాయి యుద్ధనౌక, 1813లో పసిఫిక్‌లోకి దిగి బ్రిటిష్ తిమింగల వేట ఓడలను వరసగా పట్టుకుంది. చివరికి 1814 మార్చి 28న వాల్పరైసో దగ్గర ఫీబీ, చెరబ్ అనే రెండు బ్రిటిష్ నౌకలకు చిక్కింది. ఇంత మంచి ముడిసరుకు చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి ఫ్రెంచివాడిని తెచ్చారు. అమెరికన్లు ఓడిపోతే అమెరికాలో టికెట్లు తెగవని భయపడ్డారని నా అనుమానం. నేను దీన్ని పిరికితనమే అంటాను. మీరేమంటారు?

తీరవాసి:
పాతరీలు గారూ, ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్లు సముద్రాల మీద తిరగలేదన్నట్టు మాట్లాడుతున్నారు. మాది విశాఖపట్నం. 1804 సెప్టెంబరు 15న మా ఊరి రేవు ముందే ఫిరంగులు పేలాయి. అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మరెంగో మీద, మరో రెండు ఫ్రిగేట్లు వెంటబెట్టుకుని వచ్చి పడ్డాడు. ఇవతల ఉన్నది సెంచూరియన్ అనే 50 ఫిరంగుల బ్రిటిష్ నౌక, దాని కాపలాలో ఈస్టిండియా కంపెనీ వర్తక ఓడలు రెండు. ఫ్రెంచివాళ్లు వచ్చేసరికి సెంచూరియన్ కెప్టెన్ ఓడ మీద లేడు, ఒడ్డున ఉన్నాడు! ప్రిన్సెస్ షార్లెట్ అనే వర్తక ఓడ ఫ్రెంచివాళ్ల పాలైంది. బార్నబీ అనే రెండోది ఒడ్డుకు కొట్టుకుని ధ్వంసమైంది. సెంచూరియన్ మాత్రం చావుదెబ్బలు తిని కూడా లొంగలేదు. లినోయ్ వెనుదిరిగాడు.

సినిమా మొదలయ్యేది 1805 ఏప్రిల్‌లో. అంటే మధ్యలో ఏడు నెలలు. బీచ్ రోడ్డులో సాయంత్రం మరమరాలు తింటూ నడిచే మాలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, ఆ ఏడాది ఫ్రెంచి ఓడ అంటే భయపడటానికి మన తీరానికే కారణం ఉంది. దర్శకుడు గాలిలోంచి శత్రువును పుట్టించలేదు.

పాతరీలు:
మంచి సంగతి చెప్పారు, నాకు తెలియదు. కానీ అది మీ వాదానికి పనికిరాదు. లినోయ్ ఫ్రెంచి నౌకాదళం వాడు. అకెరాన్ ప్రైవేటీరు, అంటే ప్రభుత్వం రాసిచ్చిన కాగితం పట్టుకుని శత్రువుల వర్తక ఓడలను దోచుకునే సొంత ఓడ. వాళ్లది యుద్ధం కాదు, వ్యాపారం. సుర్కూఫ్ అనే ఫ్రెంచి ప్రైవేటీరు 1800లో బంగాళాఖాతంలో కెంట్ అనే ఓడను పట్టుకున్నాడంటే అది కంపెనీ సరుకు ఓడ కాబట్టి. తిమింగల ఓడలను దోచుకోవలసిన ప్రైవేటీరు పొగమంచులో పొంచి ఉండి యుద్ధనౌక మీద దాడి చేస్తాడా? అందులో దొరికేది ఏమిటి, గుండ్లూ గాయాలూ తప్ప?

ఇంకొకటి. 1805 ఏప్రిల్ నాటికే నెపోలియన్ యూరప్‌కు ప్రభువైపోయాడని మొదట్లో తెర మీద అక్షరాలు పడతాయి. అతన్ని నిజంగా ఆ స్థాయికి చేర్చిన ఆస్టర్లిట్జ్ యుద్ధం జరిగింది ఆ ఏడాది డిసెంబరులో. ఎనిమిది నెలలు ముందే కిరీటం పెట్టేశారు.

గాలివాటు:
వర్తక నౌకల ఇంజన్ గదుల్లో ఇరవై రెండేళ్లు గడిపినవాడిని. మీ ఇద్దరి తేదీల తగాదా చదువుతుంటే నవ్వొస్తోంది, తప్పుగా అనుకోకండి. ఈ సినిమాలో శత్రువు ఫ్రెంచివాడూ కాదు, అమెరికనూ కాదు.

కేప్ హార్న్ తుఫాను గుర్తు చేసుకోండి. వెనక తెరచాప స్తంభం పైభాగం విరిగి, వార్లీ అనే కుర్రవాడితో సహా నీళ్లలో పడుతుంది. కానీ తాళ్లు తెగలేదు. ఆ స్తంభం, చాప, తాళ్లు అన్నీ కలిసి లంగరులా ఓడను వెనక్కి పట్టి లాగుతుంటాయి. ఆ గాలిలో ఓడ అలకు అడ్డం తిరిగిందంటే బోర్లా పడటమే. ఇటు చూస్తే వార్లీ ఆ కొయ్య వైపే ఈదుతున్నాడు. కెప్టెన్ గొడ్డలి అడుగుతాడు. పక్కన చేరి తాళ్లు నరికేవాళ్లలో వార్లీ ప్రాణస్నేహితుడు నేగల్ కూడా ఉంటాడు. ఆఖరి తాడు తెగాక అతని ముఖం చూడండి.

ఓడ మీద పనిచేసినవాడికి ఇది సినిమా కాదు. మా రోజుల్లో తెరచాపలు లేవు గానీ, మూసేయవలసిన తలుపుకు అవతల మనిషి ఉన్నాడేమో అన్న భయం ఉండేది. చెప్పుకోవలసింది ఇంకొకటి, ఆ తుఫానులో కనిపించే అలలు కొన్ని నిజమైనవే. కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్‌కు నకలుగా కట్టిన ఓడ కేప్ హార్న్ చుట్టి వెళ్తున్నప్పుడు తీసినవి.

కాఫీడికాషన్:
రెండు గంటలకు పైగా సాగే సినిమాలో ఒక్క ఆడమనిషీ ఒక్క మాటా మాట్లాడదు. బ్రెజిల్ దగ్గర పడవలో ఒకామె కెప్టెన్‌ను చూసి చిన్నగా నవ్వుతుంది, అంతే. దాని గురించి ఎవరికీ పేచీ లేదా?

గాలివాటు:
ఉంది. కానీ ఆ ఓడలో ఉన్నంత ఒంటరితనం తెలియాలంటే అదే సరైనదేమో అని కూడా అనిపిస్తుంది.

పుస్తకాలపురుగు:
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. 1812 యుద్ధానికి ఉన్న కారణాల్లో పెద్దది, బ్రిటిష్ నౌకాదళం అమెరికా ఓడల్లోకి ఎక్కి నావికులను బలవంతంగా పట్టుకుపోవడం. 1807లో లెపర్డ్ అనే బ్రిటిష్ నౌక వర్జీనియా తీరంలో అమెరికా ఫ్రిగేట్ చెసపీక్ మీద ఫిరంగులు పేల్చి నలుగురిని లాక్కుపోయింది. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధమే లేదు.

ఇప్పుడు ఆ కాలంలో కథ పెట్టి చూడండి. అవతలి ఓడలోని నావికుడు ఇంగ్లీషులోనే తిడతాడు. అతని తమ్ముడు ఇవతలి ఓడలో బలవంతంగా తెచ్చిపెట్టిన కళాసీ అయి ఉండవచ్చు. అప్పుడు ఆబ్రీ తన మనుషులను కూడగట్టి, లండన్ వీధిలో గిలెటిన్ చూడాలని ఉందా, మీ పిల్లలు ఫ్రెంచివాళ్ల పాట పాడాలా అని అడిగే ఆ సన్నివేశం నిలబడదు. ఫ్రెంచివాడైతే ఈ చిక్కులు లేవు. వాడు దూరపు మనిషి, వేరే భాష, కొట్టేయవచ్చు. కాబట్టి పాతరీలు గారి మాటతో నేను ఏకీభవిస్తాను, కారణం మాత్రం వేరు. వాళ్లు తప్పించుకున్నది అమెరికన్ల కోపాన్ని కాదు, తమ కెప్టెన్‌ను ఇరకాటంలో పెట్టే ప్రశ్నను.

ఆ పిల్లల పాట మాట వచ్చినప్పుడల్లా నాకు మరొకటి తోస్తుంది. తీరవాసి గారు చెప్పిన యుద్ధం నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. మా వైపు పిల్లలు ఎవరి పాట పాడాలో ఏ కెప్టెనూ అడగలేదు.

తీరవాసి:
చివరి మాట తగిలింది. అయినా రెండు సంగతులు. ఆ నవలలో రెండు ఓడల మధ్య ఆఖరి యుద్ధమే లేదు. అమెరికా ఓడ దిబ్బకు కొట్టుకుని పగిలిపోతుంది, రెండు పక్షాల మనుషులూ ఒక దీవి మీద ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ కూర్చుంటారు. చదవడానికి బాగుంటుంది. తెర మీద చూడటానికి జనం రారు.

రెండోది, అసలు సర్‌ప్రైజ్ నౌకను బ్రిటిష్ నౌకాదళం 1802లోనే అమ్మేసింది. అంటే 1805లో ఆ ఓడ పేరుతో వేట సాగించడమే కల్పన. 1812కి మార్చినా అదే కల్పన! మీ తక్కెడలో తూచితే నవలా నిలవదు, సినిమా నిలవదు.

గాలివాటు:
దీనికి నాదొక చిన్న చేర్పు. అకెరాన్‌ను బోస్టన్‌లో కట్టారని సినిమాలోనే చెబుతారు. దళసరి పక్కలు, గుండు తగిలినా చెక్కుచెదరని ఒళ్లు. అదే బోస్టన్‌లో 1797లో నీళ్లలోకి దిగిన అమెరికా ఫ్రిగేట్ కాన్‌స్టిట్యూషన్‌ను చూసి దించినట్టు ఉంటుంది. కాబట్టి అమెరికన్‌ను తీసేయలేదు పాతరీలు గారూ, జెండా మార్చి అడుగున దాచారు.

పాతరీలు:
పిరికితనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బోస్టన్ ఓడ సంగతి మూడుసార్లు చూసీ పట్టించుకోలేదు. కానీ పుస్తకాలపురుగు గారు లేవనెత్తినదానికి మీ ఇద్దరి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ కెప్టెన్ మంచివాడిగా కనిపించడానికి శత్రువు దూరపువాడు కావలసివచ్చింది. అది నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

కాఫీడికాషన్:
మీ గొడవ వల్ల నాకు చూడాలనిపించింది. ఆదివారం మా వాడితో కలిసి కూర్చుంటాను, వాడికి పన్నెండేళ్లు. ఆ చిన్న మిడ్‌షిప్‌మన్, అంటే శిక్షణలో ఉన్న కుర్ర అధికారి, బ్లేక్‌నీకి చేయి తీసేసే చోట ముందుకు జరపమంటారా?

గాలివాటు:
జరపకండమ్మా. ఆ పిల్లవాడిదీ ఇంచుమించు మీ వాడి వయసే. తర్వాత ఒంటి చేత్తోనే పెద్దవాళ్లకు ఆజ్ఞలిస్తాడు, అది చూశాక వాడే ఏదో ఒకటి అడుగుతాడు.